ఫోటో అయ్యాక

జులై 14, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి. పాతికేళ్లుగా చేస్తున్న పని అదే.

ఉదయం పై అంతస్తు నుంచి చెల్లి కేక వినిపించింది. "అన్నయ్యా, బుంగ లేవట్లేదు!" మెట్లెక్కేసరికి బావ కూతురిని భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. తెల్లవారుజామున రెండుసార్లు వాంతి అయిందట. పరుగెత్తి వచ్చినదానిలా ఆయాసపడుతోంది. నోటి దగ్గర మగ్గిన పండు వాసన. పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూసేస్తోంది.

ఆసుపత్రిలో వేలి చివర పొడిచి రక్తం చూశారు. మిషన్ అంకె చూపలేదు. దానికి అందనంత ఎక్కువ ఉందని అర్థమట. నేరుగా ఐసీయూకి తీసుకెళ్లారు.

"షుగర్," అన్నారు డాక్టరమ్మ.

"ఎనిమిదేళ్ల పిల్లకి షుగరేంటండీ?" అంది చెల్లి.

"పిల్లలకి వచ్చేది వేరే రకం. ఈమధ్య నీళ్లు బాగా తాగుతోందా?"

"తాగుతోంది."

"మాటిమాటికీ బాత్రూంకి వెళ్తోందా? పక్క తడుపుతోందా?"

చెల్లి తల ఊపింది.

"బరువు తగ్గిందా?"

చెల్లి నావైపు చూసింది. జవాబు నేనే చెప్పాను. తగ్గిందని చెప్పాను, ఎంత తగ్గిందో కూడా చెప్పాను. ఈ నెల ఐదున మా పేపర్ మూడో పేజీలో అరపేజీ మేర అచ్చయింది అదే. రాసింది నేనే.

డాక్టరమ్మ మా పేపర్ చదవరనుకుంటాను.


జులై 15

ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలు. కూర్చుంటే పేపర్లో నేను రాసిన ఐటం అక్షరం పొల్లుపోకుండా గుర్తొస్తోంది.

బుంగ చదివే బడిలో నెలకోసారి తూకం ఉంటుంది. ఐదో తరగతి దాకా అందరి ఎత్తూ బరువూ చూస్తారు. వరండా గోడకి పెద్ద చార్టు, అందులో పిల్లకొక చుక్క. ఎత్తుకు తగ్గ బరువుంటే చుక్క పచ్చపట్టీలో పడుతుంది. ఎక్కువుంటే పైన, ఎర్రగా. ఎర్రచుక్క పచ్చపట్టీ వైపు దిగిందా, క్లాసంతా చప్పట్లు. ఎంత వేగంగా దిగితే కంగారు పడాలో ఆ చార్టులో ఎవరూ గీయలేదు. ఈ వాక్యం నా ఐటంలో లేదు. ఇప్పుడు తోచింది.

బడి మొత్తంలో అందరికన్నా వేగంగా దిగిన చుక్క నా మేనకోడలిది.

"చార్టులెవరు చూస్తారయ్యా? మొహం కావాలి," అన్నాడు ఎడిటర్. మొహం మా ఇంట్లోనే ఉంది. పుట్టినప్పటి నుంచి బుంగమూతి. అందుకే ఆ పేరు.

చెల్లి ముందు ఒప్పుకోలేదు. "పేపర్లో వేస్తే రేపు బళ్లో దాన్ని ఏడిపించరూ?"

"ఇన్నాళ్లూ 'లారీ, లారీ' అని ఏడిపించినవాళ్ల నోళ్లే మూతపడతాయి చూడు," అన్నాను. అదీ నిజమే అయింది. ఐటం వచ్చాక సోమవారం అసెంబ్లీలో బుంగని స్టేజి ఎక్కించి బడంతా చప్పట్లు కొట్టింది.

ఐటం మొదట్లో నేను రాసిన ఇంట్రో ఇది: "మూడో తరగతి చదివే ఆ పాప ఎక్కడికి వెళ్లినా చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. ఒకప్పుడు ఆ చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉండేది." ఎడిటర్ దాన్ని డెస్కులో అందరికీ చదివి వినిపించాడు.

సీసా నిజం. ప్యాకెట్ నిజం. ఆ రెంటినీ కలిపిన అర్థం నాది.


జులై 16

షుగర్ దిగుతోంది. నిద్రపోతోంది.


జులై 17

ఈరోజు లోపలికి ఒక్కొక్కరిని పంపారు. బావ బయటికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ మిషనైనా చూడగానే దాని గురించి మాట్లాడతాడు. లోపల అన్ని మిషన్లు చూసి వచ్చి కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

చెల్లి మాత్రం ఆపకుండా మాట్లాడుతోంది. "నేనే అన్నయ్యా. నేనే దాని నోరు కట్టేశాను. బిస్కెట్ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. అది తాళం వైపు చూస్తూ నీళ్లు తాగేది. బిడ్డని ఎండగట్టి జబ్బు తెచ్చిపెట్టాను."

"డాక్టరమ్మ చెప్పారుగా. లావైనందుకు రాలేదు, తిండి తగ్గించినందుకూ రాలేదు. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే చోటే పాడైపోయిందని."

"ముందే తెస్తే ఐసీయూ దాకా వచ్చేది కాదని కూడా చెప్పారు. అది వినలేదా నువ్వు?"

విన్నాను.

ఇక్కడ ఒకటి రాసిపెట్టాలి. బుంగ రాత్రుళ్లు పక్క తడుపుతోందని, నీరసంగా ఉంటోందని, డాక్టర్‌కి చూపిద్దామా అని చెల్లి నన్ను ఒకసారి అడిగింది. వాళ్ల వంటగదిలో. చూపిద్దాంలే అన్నాను.


జులై 18

ఎడిటర్ ఫోన్ చేశాడు. ఉత్తరాలు చాలా వచ్చాయట. ఇంకో రెండు బడులు ఆ చార్టు పెడతామంటున్నాయట. "మీ పాపది కొత్త ఫోటో ఒకటి తీయిస్తే రెండో ఐటం చేసేద్దాం."

"పాప ఆసుపత్రిలో ఉంది సార్. షుగర్."

"అయ్యయ్యో." గొంతు తగ్గించాడు. "మన ఐటంలో తప్పేం లేదుగా?"

"లేదు సార్."

పక్కన కూర్చున్న బావ వింటున్నాడని ఫోన్ పెట్టేశాక తెలిసింది. "మీ పేపర్ వాళ్లు ఆసుపత్రుల్లో కూడా డ్యూటీ దిగరా బావా?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.


జులై 19

చూపిద్దాంలే అనలేదు. వచ్చేవారం చూపిద్దాంలే అన్నాను.


జులై 20, ఆదివారం

వార్డుకి మార్చారు. మొహం పీక్కుపోయింది గానీ నోరు మాత్రం మునుపటిదే.

"మామయ్యా, ఈ సిస్టర్ నా వేళ్లన్నీ జల్లెడ చేసేసింది. ఇంటికెళ్లాక కూడా రోజూ పొడవాలట. సూది మందు కూడా రోజూనట. ఆదివారం కూడానా?"

"ఆదివారం కూడా."

"షుగర్‌కి సెలవుండదా?"

సిస్టర్ నవ్వి, దుప్పటి తీసి, తూకం మిషన్ మీద నిలబెట్టింది. బుంగ కింది అంకె కేసి వంగి చూసింది. కళ్లు మెరిశాయి. "ఇంకా తగ్గానా? మామయ్యా, ఇంకా తగ్గాను!"

"బాగా చిక్కిపోయావు తల్లీ," అంది సిస్టర్. "ఇన్సులిన్ పడిందంటే మళ్లీ బొద్దుగా అయిపోతావు చూడు."

బుంగ నవ్వడం ఆపేసింది. చేతికున్న సూది నొప్పి పెట్టిందేమో అనుకున్నాను.


జులై 21

ఇంటికి తెచ్చాం. సూదిమందు ఎలా ఇవ్వాలో బావ ఒక్కసారి చూసి నేర్చుకున్నాడు. చెల్లి డోసులన్నీ కాగితం మీద రాసుకుంది.

బుంగ బట్టల అల్మరా తలుపు మీద నా ఐటం అంటించి ఉంది. వచ్చిన రోజు నేనే కత్తిరించి ఇచ్చాను. ఫోటోలో బుంగ పాత స్కర్టు వేసుకుని, నడుము దగ్గర గుడ్డని రెండు చేతులతో ముందుకు లాగి, ఎంత వదులైందో చూపిస్తోంది. అలా నిలబడమని చెప్పింది నేను. "ఇంకొంచెం లాగమ్మా, ఇంకో పాప పట్టాలి అందులో," అన్నాడు ఫోటోగ్రాఫర్. అందరం నవ్వాం. బుంగ అందరికన్నా ఎక్కువ నవ్వింది. మధ్యలో ఆగి, సీసా ఎత్తి నీళ్లు తాగింది.


జులై 22

ఆఫీసుకి వెళ్లాను. రోడ్డు గుంతల మీద ఐటం రాశాను.


జులై 24

మధ్యాహ్నం చెల్లి ఫోన్. "త్వరగా రా" అని పెట్టేసింది.

బుంగ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట, పెదాలు తెల్లగా, చేతులు వణుకుతున్నాయి. చెల్లి నీళ్లలో పంచదార కలిపి చెంచాతో పోస్తోంది. షుగర్ పడిపోయింది. తినబోయే ముందు ఇన్సులిన్ ఇచ్చారు, రొట్టె పెట్టారు, చెల్లి మంచినీళ్లకి వెళ్లి వచ్చేసరికి పళ్లెం ఖాళీ. తినేసిందనుకుంది.

రొట్టె బడిసంచీలో దొరికింది. నిన్నటిది కూడా ఉంది.

తేరుకున్నాక బుంగ భుజాలు పట్టుకుని చెల్లి ఊపేసింది. "చచ్చిపోతావే! మందు పడ్డాక తినకపోతే చచ్చిపోతావు, అర్థమవుతోందా? నీకేం పట్టిందే?"

బుంగ తల్లికి చెప్పలేదు. చెల్లి గిన్నె కడగడానికి వెళ్లాక నాకు చెప్పింది, చెవిలో.

"మళ్లీ లావైపోతానట మామయ్యా. సిస్టర్ చెప్పింది కదా. పేపర్లో వేశాక లావైతే నువ్వు అబద్ధం రాసినట్టు అవుతుంది."


జులై 25

రాత్రి నాకు నిద్ర లేదు. రాయను.


జులై 26

బుంగతో మాట్లాడాను. నేను రాసింది తప్పని చెప్పాను. నువ్వు తగ్గింది జబ్బువల్ల, నాకది తెలియక గొప్పగా రాసేశానన్నాను.

"ఊరికే అంటున్నావు, నేను తినాలని. అమ్మ కూడా ఇలాగే అంటుంది."

"ఒట్టు."

"పేపర్లో ఉందిగా," అంది. అల్మరా తలుపు చూపించింది. "పేపర్లో తప్పులు వేయరు అని నువ్వే చెప్పావు. మా క్లాసులో చెప్పావు."

చెప్పాను. తూకం రోజున వాళ్ల టీచర్ నన్ను పరిచయం చేసినప్పుడు. పిల్లలు నాకూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ప్రతి పూటా చెల్లి పక్కన కూర్చుని నోరు తెరిపించి చూస్తోంది. బుంగ బుగ్గలో దాచుకుంటోంది, బాత్రూంలో ఉమ్మేస్తోంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, తినే దాకా మందు ఇవ్వకండి, తిన్నంత చూసి వెంటనే ఇవ్వండి, ఒకటో తారీఖున తీసుకురండి అన్నారు. ఇలాగే ఉంటే మళ్లీ చేర్చుకోవాలట.


జులై 27, ఆదివారం

వచ్చేవారం అని కూడా అనలేదు.

జూన్ 30. చెల్లి స్టవ్ దగ్గర ఉంది. నేను బల్ల దగ్గర. బుంగ పక్క గదిలో పడుకుని ఉంది, సాయంత్రం పూట. చెల్లి అన్నది: "అన్నయ్యా, రాత్రికి నాలుగుసార్లు లేస్తోంది. పక్క తడిపింది, ఇంత పిల్ల. నాకు భయంగా ఉంది. రేపు డాక్టర్‌కి చూపిద్దామా?"

నేను అన్నది: "అన్ని నీళ్లు తాగితే తడపదా మరి. గురువారం ఫోటో ఉంది. ఇప్పుడు ఏవో మందులు వేసి పడుకోబెడితే మొహం వాడిపోతుంది. ఫోటో అయ్యాక చూపిద్దాం."

ఇదీ మాట. నా ఐటంలో ఎవరి మాటలైనా ఇంత మార్చి రాసి ఉంటే నా ఉద్యోగం పోయేది.

ఫోటో గురువారం అయింది. ఆ తర్వాత చెల్లి అడగలేదు. నేనూ అడగలేదు. నిజానికి నాకు గుర్తే లేదు. శనివారం ఐటం వచ్చింది, ఆ సందడిలో పడిపోయాను.

గుర్తే లేదని రాశాను. కొట్టేయడం లేదు, అలాగే ఉండనీ. గుర్తుంది.


జులై 28

చెల్లికి చెప్పాను. మెట్ల మీద. ఆమె మందుల షాపు నుంచి వస్తోంది, నేను దిగుతున్నాను. వంటగదిలో చెప్పాలనుకున్నాను గానీ అక్కడిదాకా ఆగితే చెప్పననిపించింది.

"ఆ రోజు నువ్వు అడిగితే, ఫోటో అయ్యాక అన్నాను."

సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తెలుసు. అక్కడే ఉన్నాగా నేను."

"మరి ఇన్నాళ్లూ నీదే తప్పని..."

"నాదీ ఉంది. తల్లిని నేను, నువ్వు కాదు. నువ్వు అన్నావు సరే, నేనెందుకు విన్నట్టు? అన్నయ్య పేపరాయన, నలుగురు డాక్టర్లతో మాట్లాడే మనిషి, తెలియకుండా అంటాడా అనుకున్నా." గొంతు పెంచలేదు. "రెండు వారాలుగా చూస్తున్నా, ఆ మాట నీ నోట్లోంచి వస్తుందా రాదా అని. ఆసుపత్రిలో పక్కపక్కనే కూర్చున్నాం. నేను నా తల బాదుకుంటుంటే నువ్వు నాకు ధైర్యం చెప్పావు చూడు, అది మాత్రం నేను మర్చిపోను."

సంచీ అందుకోబోయాను. ఇవ్వలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే. దానికి చెప్పు."

"చెప్పాను. పేపర్లో ఉందంటోంది."

"అయితే పేపర్లోనే చెప్పు," అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఈ పూట భోజనానికి పైకి వెళ్లలేదు. పిలవలేదు కూడా.


జులై 29

ఎడిటర్ గదిలో. సవరణ వేయాలన్నాను.

"దేనికి? పేరు తప్పు పడిందా?"

"లేదు."

"అంకె?"

"అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మరి సవరణ ఏంటయ్యా? సవరించడానికి తప్పు ఉండాలి కదా. నీ ఐటంలో తప్పని ఒక్క మాట చూపించు, రేపే వేస్తాను."

చూపించలేకపోయాను. కాపీ ఆయన బల్ల మీదే ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్క మాట లేదు.

"ఉత్తరాలు చూశావా? జనం మెచ్చుకున్నారు. ఇప్పుడు మనమే లేచి కాదంటే ఆ బడి పరువేం కావాలి, మన పరువేం కావాలి? నీ బాధ నాకు అర్థమైంది. నాలుగు రోజులు సెలవు పెట్టు."

"పాప తిండి మానేసింది సార్. లావైతే నా ఐటం అబద్ధమవుతుందని."

ఆయన కళ్లజోడు తీశాడు. ఆయనకి మనవరాలు ఉంది. నాకు తెలుసు, ఆ సంగతి తెలిసే చెప్పాను. అదీ రాసిపెడుతున్నాను.

"ఎన్ని లైన్లు?" అన్నాడు.


జులై 30

పన్నెండుసార్లు రాశాను. విశేషణాలు వచ్చి పడుతున్నాయి. "తీవ్ర విచారం" అని ఒకటి. తీసేశాను. మూడో తరగతి పిల్ల చదవగలగాలి.


జులై 31, గురువారం

మూడో పేజీ, అడుగున, ఎడమ మూల. పేపర్ పట్టుకుని పైకి వెళ్లాను. చెల్లి తలుపు తీసి పక్కకి తప్పుకుంది, అంతే. బుంగ ముందు పళ్లెం ఉంది. గుడ్డు, రొట్టె. ముట్టలేదు.

బుంగకే చదవమని ఇచ్చాను. వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదివింది.

"ఈ నెల ఐదున ఇదే పేజీలో ఒక పాప బరువు తగ్గడం గురించి రాశాం. ఆ పాప తగ్గింది జబ్బువల్ల. ఎక్కువ దాహం, పక్క తడపడం, వేగంగా బరువు తగ్గడం పిల్లల్లో షుగర్ జబ్బు గుర్తులు కావచ్చు. ఇవి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఆ పాప తల్లి చూపిద్దామంది. ఫోటో అయ్యాక అని ఆపింది ఈ వార్త రాసిన విలేకరి, పాప మేనమామ. తప్పు తల్లిది కాదు, పాపది కాదు. ఇప్పుడు ఆ పాప బరువు పెరగాలి."

చివరి వాక్యం రెండుసార్లు చదివింది.

"విలేకరి అంటే?"

"నేనే."

"మేనమామ?"

"అదీ నేనే."

"అయితే అది అబద్ధం రాశావా?"

"చూసింది చూసినట్టే రాశాను. చూసిందేమిటో నాకు తెలియలేదు. తెలిసినట్టు రాశాను."

బుంగ ఆలోచించింది. పేపర్ తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"ఇంత చిన్నగా వేశారేంటి? అదేమో అంత పెద్దగా వేశారు."

"నిజమే. చిన్నగా వేశారు," అన్నాను.

కత్తెర తెమ్మంది. తనే కత్తిరించింది, ఒక అంచు వంకరగా పోయింది. జిగురు రాసి అల్మరా తలుపు మీది ఫోటోకి అంటించింది. ఆ ముక్క ఫోటో మొత్తానికి సరిపోలేదు. రెండు చేతులూ, లాగి పట్టుకున్న స్కర్టూ కప్పడానికి సరిపోయింది. పైన మొహం నవ్వుతూనే ఉంది.

వచ్చి కూర్చుంది. గుడ్డు తిన్నది. రొట్టె సగం తిన్నది. నోరు తెరిచి తల్లికి చూపించింది, ఎవరూ అడగకముందే. బావ సూదిమందు ఇచ్చాడు. "రేపు మళ్లీ ఫోటో తీయించకు మామయ్యా," అంది చొక్కా కిందకి లాక్కుంటూ.

"తీయించను."

లేవబోయాను. చెల్లి వంటగదిలోంచి ఇంకో పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. నావైపు చూడలేదు.

"చల్లారిపోతోంది. తిను," అంది.

తిన్నాను.